ఒక్క అక్షరపు తప్పు

అన్నము పెట్టుమని వ్రాయదలచినవాని కలము జారి మొదటి అక్షరము మారెనేని సున్నము పెట్టుమని పడును. మారినది ఒక్క అక్షరమే. అనర్థమునకు మాత్రము అంతులేదు. వ్రాయసగాడు చేసిన తప్పును చదువరి సవరించుకొనగలడు. మానవశరీరమందు ప్రకృతి వ్రాసియుంచిన గ్రంథములో ఒక అక్షరము మారినచో దానిని దిద్దువారెవ్వరు? అసలు దిద్దుట సాధ్యమేనా?

ఈ ప్రశ్నకు వైద్యశాస్త్రము ఇటీవల చెప్పిన సమాధానము ఆశ్చర్యము గొలుపునది. 2023వ సంవత్సరము చివర బ్రిటను, అమెరికా దేశముల ఔషధ నియంత్రణ సంస్థలు క్రిస్పర్ అను అణుకత్తెరతో జన్యువును కత్తిరించి రోగమును కుదుర్చు చికిత్సకు ప్రపంచమున మొట్టమొదటిసారిగా అనుమతి నిచ్చినవి. ఆ చికిత్స ఏ రోగమునకై ముందుగా వెలసినదో ఆ రోగము ఆదిలాబాదు అడవులలోను, భద్రాచలపు మన్యములోను, పాడేరు కొండలలోను గూడ ఉన్నది. కావున ఈ కథ తెలుగు చదువరులకు పొరుగువారి కథ కాదు.

ఆ రోగమునకు వైద్యులు పెట్టిన పేరు సికిల్ సెల్ ఎనీమియా. తెలుగున కొడవలికణ వ్యాధి యనుచున్నారు. గుండ్రముగా నుండవలసిన రక్తకణము కొడవలివలె వంగిపోవుటయే ఈ పేరునకు కారణము.

చికాగోలో ఒక విద్యార్థి

1904వ సంవత్సరము డిసెంబరులో చికాగో నగరమునందలి ఒక ఆసుపత్రికి ఇరువదియేండ్ల యువకు డొకడు వచ్చెను. అతని పేరు వాల్టర్ క్లెమెంట్ నోయెల్. కరీబియను సముద్రములోని గ్రెనడా ద్వీపము అతని జన్మస్థానము. దంతవైద్యము చదువుకొనుటకై అమెరికాకు వచ్చినవాడు. ఆయాసము, దగ్గు, జ్వరము అతనిని పీడించుచుండెను. ఎర్నెస్ట్ ఐరన్స్ అను యువవైద్యుడు అతని రక్తమును సూక్ష్మదర్శనియందు పరీక్షించి, సన్నగా, పొడవుగా, కొడవళ్లవలె వంగియున్న ఎఱ్ఱకణములను చూచెను. తన పెద్దయగు జేమ్స్ హెరిక్ అను వైద్యునకు చూపెను. అట్టివానిని హెరిక్ అంతకుముందెన్నడును చూచియుండలేదు. ఆయన తొందరపడక ఆ రోగిని కొన్ని యేండ్లు గమనించి, 1910లో ఆ వింతకణములను గూర్చి ఒక వ్యాసము ప్రకటించెను. లోకమునకు ఈ వ్యాధి శాస్త్రీయముగా తెలిసినది అప్పుడే.

నోయెల్ చదువు ముగించుకొని స్వదేశమునకు మరలి, దంతవైద్యుడుగా జీవించి, 1916లో ముప్పదిరెండేండ్ల ప్రాయముననే ఊపిరితిత్తుల జబ్బుతో కన్నుమూసెను. ఆయన రక్తము శాస్త్రమునకు ఒక కొత్త తలుపు తెరచినది. ఆ శాస్త్రము ఆయనకు చేయగలిగిన దేమియు లేకపోయెను. ఈ వ్యాధి చరిత్ర యంతయు ఈ రెండు మాటలలోనే యిమిడియున్నది. దీనిని గూర్చిన జ్ఞానము ఎప్పుడును ముందు నడచినది. ఉపశమనము మాత్రము చాల వెనుకగా కుంటుచు వచ్చినది.

కణము వంగు విధము

రక్తమునకు ఎఱుపునిచ్చు పదార్థము హెమోగ్లోబిన్. ఒక్కొక్క ఎఱ్ఱకణములో సుమారు ఇరువదియేడు కోట్ల హెమోగ్లోబిన్ అణువు లుండును. ఊపిరితిత్తులలో ప్రాణవాయువును ఎత్తుకొని, శరీరమున అవసరమైన తావులందెల్ల దింపివచ్చుట వీని పని. ఆరోగ్యవంతుని కణము మెత్తని బిళ్లవలె నుండి, తనకంటె సన్నని రక్తనాళములో గూడ ముడుచుకొని దూరిపోగలదు. అట్టి కణము నూటయిరువది దినములు బ్రతుకును.

కొడవలికణ వ్యాధిగల వారి హెమోగ్లోబిన్ ప్రాణవాయువును మోయుచున్నంతవరకు మంచిదానివలెనే యుండును. బరువు దించిన తోడనే దాని స్వభావము మారును. ఒక అణువు వేఱొక దానిని అంటుకొని, అది ఇంకొకదానిని పట్టుకొని, పేనిన త్రాళ్లవలె కట్టలు కట్టును. ఆ త్రాళ్ల బిగువునకు కణము లోపలినుండి సాగి కొడవలి యాకారము దాల్చును. గట్టిపడిన ఆ కణములు సన్నని నాళములలో అడ్డుపడి రక్తప్రవాహమును ఆపివేయును. ఆగిన చోటనెల్ల భరింపరాని నొప్పి. చేతులు, కాళ్లు, వీపు, ఱొమ్ము, ఎచ్చటనైన రావచ్చును. గంటలకొలది, ఒక్కొక్కప్పుడు దినములకొలది ఉండును. పసిబిడ్డలకు చేతివ్రేళ్లు, కాలివ్రేళ్లు వాచుట తొలి గుర్తు. వంగిన కణములు పది, ఇరువది దినములకే నశించుటచేత రక్తము నిరంతరము తఱుగుచుండును. ప్లీహము చెడిపోయి, అంటురోగముల నెదిరించు శక్తి సన్నగిల్లును. కొందఱు పిల్లలకు మెదడులోని నాళములు మూసికొనిపోయి పక్షవాతము గూడ వచ్చును.

ఈ రోగము అంటునది కాదు, తల్లిదండ్రులనుండి వచ్చునది. ప్రతి మనుష్యునకు ఈ హెమోగ్లోబిన్ జన్యువు తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి లభించును. రెండింటిలో ఒక్కటి మాత్రమే తప్పుదైనచో మనిషి సాధారణముగా ఆరోగ్యముతోనే యుండును. అట్టివారిని వాహకు లందురు. వాహకులైన ఇరువురు పెండ్లాడినచో, కలుగు ప్రతి బిడ్డకును నాలుగింట ఒక వంతు రోగము సంభవింపవచ్చును. రెండు వంతులు తల్లిదండ్రులవలె వాహకత్వము. మిగిలిన ఒక వంతు పూర్తిగా నిర్దోషము. మొదటి బిడ్డకు రోగము వచ్చినందున రెండవ బిడ్డ తప్పించుకొనునని గాని, మొదటి బిడ్డ తప్పించుకొన్నందున రెండవ బిడ్డకు తప్పక వచ్చునని గాని చెప్పుటకు వీలులేదు. ప్రతి కాన్పునకును చీటి కొత్తగానే వేయబడును.

అణువునకు పట్టిన జబ్బు

ప్రాణవాయువు తగ్గినప్పుడే కణము వంగునని 1927లో హాన్, గిలెస్పీ అను శాస్త్రజ్ఞులు నిరూపించిరి. 1945లో విలియం కాసిల్ అను వైద్యుడు మాటల సందర్భమున ఈ సంగతిని లైనస్ పౌలింగ్ అను రసాయనశాస్త్రవేత్తకు చెప్పెను. పౌలింగ్ వెంటనే, దోషము కణములో గాక కణములోని హెమోగ్లోబిన్ అణువులోనే యుండవలెనని ఊహించెను. ఆయన శిష్యుడు హార్వే ఇటానో మొదలగువారు ఆరోగ్యవంతుల హెమోగ్లోబినును, రోగుల హెమోగ్లోబినును విద్యుత్ క్షేత్రములో నడిపించి చూడగా, రెండును వేఱువేఱు వేగములతో కదలినవి. ఒక రోగము ఒకానొక అణువు యొక్క దోషమని మానవుడు మొట్టమొదటిసారి తెలిసికొనినది అప్పుడే. వారి వ్యాసము 1949లో వెలువడినది.

ఆ అణువులో దోష మెచ్చట నున్నది? ఈ ప్రశ్నకు కేంబ్రిడ్జిలో వెర్నన్ ఇంగ్రామ్ జవాబు కనుగొనెను. హెమోగ్లోబిన్ అణువు నాలుగు గొలుసుల కూర్పు. ఆ గొలుసులలోని పూసలవంటివి అమైనో ఆమ్లములు. అన్నియు కలిసి 574. ఇంగ్రామ్ ఆ గొలుసులను చిన్న చిన్న తునకలుగా ఛేదించి, కాగితముపై వానిని విడదీసి, రెండు హెమోగ్లోబినుల మచ్చలను ప్రక్కప్రక్కన పోల్చెను. అన్ని మచ్చలును సరిపోయినవి. ఒక్కటి మాత్రము స్థానము మారినది. బీటా యను గొలుసులో 146 పూస లుండగా, ఆరవ పూస మాత్రమే వేఱు. గ్లుటామిక్ ఆమ్లముండవలసిన చోట వాలీన్ అను ఆమ్లమున్నది. మొదటిది నీటితో పొత్తు కుదుర్చుకొనునది. రెండవది నీటికి దూరముగా తొలగి, ప్రక్క అణువులోని గుంటలో తలదాచుకొనజూచునది. త్రాళ్లు పేనుకొనుటకు మూలమిదియే. 1956, 1957 సంవత్సరములలో ఈ విషయము లోకమునకు వెల్లడియైనది.

తరువాతి కాలమున జన్యువుల లిపిని చదువు విద్య అలవడిన పిమ్మట, ఆ పూస మారుటకు కారణము గూడ తేటపడినది. మన డి.ఎన్.ఏ. గ్రంథములో సుమారు మూడువందల కోట్ల అక్షరములున్నవి. పదునొకండవ క్రోమోజోములో బీటా గొలుసునకు సంబంధించిన వ్రాతలో ఏ అను అక్షరమునకు బదులు టి అను అక్షరము పడినది. అంతియే. మూడువందల కోట్లలో ఒక్క అక్షరము!

శాపములోని వరము

ఇంతటి కీడు చేయు జన్యువు వేల యేండ్లుగా మానవజాతిలో ఎట్లు నిలిచియున్నది? రోగులైన పిల్లలు పెరిగి పెద్దవారు కాకుండగనే పోవుచుండగా, ఆ జన్యువు గూడ క్రమముగా నశింపవలసినదే కదా! ఈ చిక్కును విప్పినవాడు కెన్యాలో పెరిగిన ఆంథొనీ అల్లిసన్. సముద్రతీరమందును, విక్టోరియా సరస్సు ప్రాంతమందును నివసించు తెగలలో వాహకు లెక్కువగాను, చల్లని ఎత్తుభూములలో తక్కువగాను ఉండుట ఆయన గమనించెను. దోమలున్న చోటనే ఈ జన్యువున్నది. 1954లో ఆయన ప్రకటించిన పరిశోధనల సారాంశ మిది: ఒక్క తప్పుజన్యువు మాత్రమే గల వాహకులకు తీవ్రమైన మలేరియానుండి రక్షణ కలదు. రెండు తప్పుజన్యువులు గల బిడ్డ కొడవలికణ వ్యాధికి బలి. రెండును మంచివే యైన బిడ్డకు మలేరియా గండము. నడుమనున్న వాహకుడే బ్రతికి బట్టకట్టును. ప్రకృతి ఒక చేత రక్షణ నిచ్చి, వేఱొక చేత వెల పుచ్చుకొన్నది.

మలేరియా క్రిమి దోమ కడుపులో పెరుగుచున్నదని రొనాల్డ్ రాస్ 1897 ఆగష్టు 20వ తేదీన సికిందరాబాదులో కనుగొన్న సంగతి తెలుగువారికి సుపరిచితమే. మన్యపు జ్వరమనిన మైదానపువారు గజగజ వడకిన కాలమొకటి యుండెను. ఆ అడవులలో తరతరములుగా కాపురమున్నవారి రక్తములో ఆ జ్వరమునకు విరుగుడుగా ఈ జన్యువు నిలిచినది. ఆఫ్రికాలోను, మధ్యధరా తీరమందును, అరేబియాలోను జరిగినదే ఇచ్చటను జరిగినది. భారతదేశమున దీని ఉనికి 1952లో నీలగిరుల గిరిజనులలో లేమన్, కట్‌బుష్ అను పరిశోధకులు కనుగొనినదాక శాస్త్రజ్ఞులకు తెలియదు. తరువాత మధ్యభారతపు అడవులనుండి గోదావరీ తీరపు కోయ, గోండు మున్నగు తెగలవరకు దీని జాడలు కనబడినవి. చాలమంది భారతీయ గిరిజనులలో ఈ వ్యాధి ఆఫ్రికా రోగులకంటె కొంత మెల్లగా నడచును. దానికి కారణమైన విషయమే నేటి చికిత్సకు గూడ మూలమైనది.

పసిబిడ్డ రక్తములోని రహస్యము

1948లో జానెట్ వాట్సన్ అను వైద్యురాలు న్యూయార్కు నగరమందు ఒక చిన్న విశేషమును గమనించెను. ఈ వ్యాధితో పుట్టిన శిశువులు మొదటి కొన్ని నెలలు హాయిగానే యుందురు. వారి రక్తములో వంగు కణములు చాల తక్కువ. కడుపులోని బిడ్డకు వేఱొక విధమగు హెమోగ్లోబిన్ ఉండుటయే దానికి కారణమని ఆమె తలచెను. ఆ ఊహ నిజమైనది. గర్భస్థ శిశువు తల్లి రక్తమునుండి ప్రాణవాయువును గ్రహింపవలసియుండుటచే, దానిని గట్టిగా పట్టుకొనగల హెమోగ్లోబినును ప్రకృతి దానికి ప్రత్యేకముగా సమకూర్చినది. అందులో బీటా గొలుసే లేదు. దాని స్థానమున గామా యను గొలుసున్నది. బిడ్డ పుట్టిన కొన్ని నెలలకు శరీరము గామాను కట్టిపెట్టి బీటాను మొదలుపెట్టును. రోగము బయటపడుట అప్పుడే.

కొందఱిలో ఈ శిశు హెమోగ్లోబిన్ పెద్దవారైన పిదపను కొంత మిగిలియుండును. అట్టివారికి బాధలు తక్కువ. అరేబియా తూర్పుతీరమునను, భారతదేశపు గిరిజనులలోను కనబడు విశేషమిదియే. అట్లయినచో, మూతవేసిన శిశు హెమోగ్లోబినును తిరిగి తెరపించుట ఎట్లు?

తొలి జవాబు ఒక పాత మందులో దొరికినది. హైడ్రాక్సీయూరియా యను పదార్థమును జర్మనీలో 1869లోనే తయారుచేసిరి. అది శిశు హెమోగ్లోబినును పెంచుచున్నదని 1980 తరువాతి పరిశోధనలలో తేలినది. 1995లో అమెరికాలో ముగిసిన పెద్ద పరీక్షలో ఈ మాత్రలు మ్రింగిన రోగులకు నొప్పి దాడులు ఇంచుమించు సగమునకు తగ్గినవి. 1998లో దీనికి అనుమతి లభించినది. వెల తక్కువైన మాత్ర ఇది. అయితే అందఱికిని ఒకే విధముగా పనిచేయదు; రోగమును మొదలంట తీసివేయదు.

అసలు మూతవేయుచున్నది ఎవరు? 2008లో బోస్టనులో స్టువర్ట్ ఆర్కిన్, విజయ్ శంకరన్ మొదలగు పరిశోధకులు ఆ తలుపునకు తాళమువేయు జన్యువును పట్టుకొనిరి. దాని పేరు బి.సి.ఎల్.11ఏ. దానిని పూర్తిగా తీసివేసినచో శరీరమునకు ఇతర హానులు కలుగును. 2013లో డానియెల్ బావర్, ఆర్కిన్ ప్రభృతులు, ఆ జన్యువును ఎఱ్ఱకణములలో మాత్రమే నడిపించు మీట యొకటి ఉన్నదని చూపిరి. ఆ మీటను విరిచినచో ఎఱ్ఱకణములలో మాత్రము తాళము ఊడును; తక్కిన అవయవములకు బాధలేదు. ఇక కావలసినది ఆ మీటను గుఱితప్పకుండ విరువగల పనిముట్టు.

అణుకత్తెర

ఆ పనిముట్టు అంతకు ఒక సంవత్సరము ముందే సిద్ధమైయుండెను. బాక్టీరియా యను సూక్ష్మజీవులకు గూడ శత్రువులు కలరు. తమపై దాడిచేయు వైరసుల లిపిని గుర్తుపెట్టుకొని, తిరిగి వచ్చినప్పుడు ఆ లిపిని గుర్తించి తెగగొట్టు ఉపాయము ఆ జీవులలో కలదు. 2012లో ఎమాన్యుయేల్ షార్పెంటియే, జెనిఫర్ డౌడ్నా అను విదుషీమణులు ఈ ఉపాయమును మానవుడు తన యిష్టానుసారము ఏ జన్యులిపినైన కత్తిరించుటకు వాడుకొనవచ్చునని చూపిరి. క్రిస్పర్ అను పేర ప్రసిద్ధమైన ఈ విధానమునకు 2020లో వారిరువురకు రసాయనశాస్త్రమున నోబెల్ బహుమతి లభించెను.

చికిత్స జరుగు విధమిది. రోగి రక్తమునుండి రక్తోత్పత్తికి మూలమగు కణములను వేఱుచేసి తీయుదురు. ప్రయోగశాలలో క్రిస్పర్ కత్తెరతో వానిలోని మీటను విరుతురు. దీనికి నెలలు పట్టును. పిమ్మట తీవ్రమైన మందుతో రోగి ఎముకల మూలుగలో మిగిలియున్న పాతకణములను నిర్మూలించి, సవరించిన కణములను నరముద్వారా ఎక్కింతురు. అవి మూలుగలో నాటుకొని కొత్తరక్తమును చేయుటకు కొన్ని వారములు పట్టును. అంతవరకు రోగి ఆసుపత్రిలో రక్షణక్రింద నుండవలెను. పాతకణములను చంపు మందు సంతానశక్తికి హాని చేయవచ్చును. కావున ఇది సూదిమందు పుచ్చుకొని ఇంటికి పోవునంతటి సులభమైన పని కాదు.

2019 జూలైలో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రపు విక్టోరియా గ్రే యను ముప్పదినాలుగేండ్ల ఇల్లాలు ఈ చికిత్స పొందెను. తన దేశమున ఈ వ్యాధికి క్రిస్పర్ చికిత్స పొందిన తొలిరోగి ఆమెయే. చిన్ననాటినుండి నొప్పితో ఆసుపత్రుల చుట్టును తిరిగిన ఆ తల్లి, 2023 మార్చిలో లండనులో జరిగిన శాస్త్రజ్ఞుల మహాసభలో నిలిచి తన కొత్తబ్రతుకును గూర్చి మాటలాడెను. పరీక్షాఫలితములు గూడ ఆ మాటలకు సాక్ష్యమిచ్చినవి. తగినంత కాలము పరిశీలింపబడిన 31 మంది రోగులలో 29 మందికి వరుసగా పండ్రెండు నెలలైనను తీవ్రమైన నొప్పిదాడి రాలేదు. 2023 నవంబరు 16న బ్రిటను, డిసెంబరు 8న అమెరికా ఈ చికిత్సకు అనుమతి నిచ్చినవి. దీని పేరు కాస్‌జెవీ.

ఇచ్చట ఒక సూక్ష్మమును చదువరులు గమనింపవలెను. ఈ చికిత్స తప్పుపడిన ఆ ఒక్క అక్షరమును దిద్దలేదు! టి అను అక్షరము ఉన్నచోటనే యున్నది. బాల్యమున చదివి మూసివేసిన పుటను శరీరము తిరిగి తెరచి చదువుకొనునట్లు మాత్రమే చేసినది. తప్పును దిద్దలేనివాడు తప్పులేని వేఱొక ప్రతిని వెదకి తెచ్చినట్లయినది. ఆ అక్షరమునే నేరుగా దిద్దజూచు ప్రయత్నములును పరిశోధనశాలలలో సాగుచున్నవి.

వెల యెవరు చెల్లింతురు?

అమెరికాలో ఈ చికిత్సకు కంపెనీ నిర్ణయించిన వెల 22 లక్షల డాలర్లు. నాటి మారకపు లెక్కన సుమారు 18 కోట్ల రూపాయలు. ఆసుపత్రి ఖర్చులు వేఱు. పోడు కొట్టుకొని జొన్నలు పండించుకొను కుటుంబమునకు ఈ అంకె ఒక అంకెగా గూడ తోచదు. ఆకాశములోని చుక్కల లెక్కవలె వినిపించును.

ధనము మాట వచ్చినప్పుడు చరిత్రనుగూడ తలచుకొనవలెను. వ్యాధికి మూలమును అణువులో గుర్తించిన 1949కును, ఈ చికిత్సకు అనుమతి వచ్చిన 2023కును నడుమ డెబ్బదినాలుగేండ్లు గడచినవి. ఈ ఆలస్యమునకు శాస్త్రపు కాఠిన్యము ఒక కారణము. అది ఒక్కటే కారణము కాదు. 1970లో రాబర్ట్ స్కాట్ అను అమెరికా వైద్యుడు, ఇంతకంటె అరుదైన రోగములకు ధారాళముగా విరాళములు వచ్చుచుండగా నీగ్రోజాతివారిని పీడించు ఈ వ్యాధి ఉపేక్షకు గురియైనదని బహిరంగముగా ఎత్తిచూపెను. 1972లో ఆ దేశమున ఈ వ్యాధికై ప్రత్యేక చట్టము వచ్చినది. రోగుల రక్తము శాస్త్రజ్ఞులకు ఎంతో బోధించినది; రోగుల పేదరికము మాత్రము పాలకుల చెవులకు చాలకాలము వినబడలేదు.

భారతదేశమున 2023 జూలై 1వ తేదీన మధ్యప్రదేశములోని షాడోల్ నందు ఈ వ్యాధి నిర్మూలనకై జాతీయోద్యమము ప్రారంభింపబడినది. గిరిజన ప్రాంతములలో నలుబదియేండ్ల లోపువారు ఏడుకోట్లమందిని పరీక్షించుట, 2047 నాటికి వ్యాధిని రూపుమాపుట దాని సంకల్పము. ఢిల్లీలోని ప్రభుత్వ జన్యుశాస్త్ర పరిశోధన సంస్థలో క్రిస్పర్ చికిత్సను స్వదేశమందే చౌకగా రూపొందించు కృషి జరుగుచున్నది. గిరిజన వీరుడు బిర్సా ముండా పేరు మీదుగా దానికి బిర్సా 101 అని పేరుపెట్టి 2025 నవంబరులో ప్రకటించిరి. ప్రకటన వేఱు, రోగి శరీరమందు ఫలించుట వేఱు. అయినను వెల తగ్గింపవలెనన్న తలంపు పుట్టుటయే శుభసూచకము.

ఆ కత్తెర మన్యమునకు చేరువఱకు చేయదగిన దేమియు లేదా? చాల ఉన్నది, అది అంత ఖరీదైనదియు కాదు. పుట్టిన బిడ్డ మడమనుండి ఒక రక్తపు బొట్టు తీసి పరీక్షించినచో వ్యాధి తెలియును. రోగులైన శిశువులకు రోజును పెనిసిలిన్ ఇచ్చినచో ప్రాణాంతకమగు న్యుమోకాకస్ అంటురోగములు నూటికి 84 పాళ్లు తగ్గునని 1986 నాటి అమెరికా పరీక్షలో తేలినది. నొప్పి దాడులను తగ్గించు హైడ్రాక్సీయూరియా మాత్రలున్నవి. వడివడిగా నశించు రక్తకణముల స్థానమున కొత్తవానిని పుట్టించుటకు ఫోలిక్ ఆమ్లపు మాత్ర యొకటి ఉన్నది. ఈ చివరి మాత్ర తెలుగువారు గర్వింపదగినది. భీమవరమున 1895లో జన్మించి, స్ప్రూ వ్యాధికి సోదరులను పోగొట్టుకొని, అమెరికా చేరిన యల్లాప్రగడ సుబ్బారావుగారు లెడర్లీ పరిశోధనశాలలో తమ సహచరులతో కలిసి 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేయు విధానమును సాధించిరి. గోదావరి మండలపు బిడ్డ కృషి గోదావరి మన్యపు బిడ్డలకు చేరుటకు అడ్డమేమున్నది? బండిపోవు బాట, మాత్రలున్న ఆసుపత్రి, క్రమముగా వచ్చు ఆరోగ్యకార్యకర్త ఉన్నచో చాలును.

పరీక్ష పెట్టు తల్లడము

పరీక్షలనుగూర్చి ఒక్కమాట చెప్పుట అవసరము. వాహకుడని తెలియుట వేఱు, రోగి యగుట వేఱు. ఈ భేదమును ప్రజలకు బోధింపకయే పరీక్షలు జరిపినచో మేలునకు బదులు కీడు కలుగును. 1970 తరువాత అమెరికాలో తొందరపడి జరిపిన పరీక్షలవలన ఆరోగ్యవంతులగు వాహకులకు ఉద్యోగములు, భీమాలు నిరాకరింపబడిన సందర్భములు గలవు. ఆ దేశపు వైమానిక విద్యాలయము 1981వఱకు వాహకులను చేర్చుకొనలేదు. గ్రీసు దేశమున ఒర్ఖొమెనోస్ అను గ్రామమందు ఊరంతటిని పరీక్షించి ఫలితములు చెప్పగా, వాహకుల కుటుంబములు పెండ్లిసంబంధములు చెడునేమో యని ఆ సంగతిని దాచుకొనజొచ్చినవి. వివాహములను సరిదిద్దవలెనని తలపెట్టిన పని సిగ్గును పంచిపెట్టినది.

మేనరికములు ఆనవాయితీగానున్న తెలుగునాట ఈ పాఠము మఱింత అవసరము. ఒకే వంశపు జన్యువులు రెండువైపులను ఉన్నచోట ఇరువురు వాహకులు జతపడు అవకాశ మెక్కువ. పెండ్లికి పూర్వము పరీక్ష చేయించుకొని, ఫలితమును అర్థముచేసికొని, తమ నిర్ణయము తామే చేసికొనుటకు యువతీయువకులకు తోడ్పడవలెను. ఆ సలహా వారి భాషలో, కోయలో, గోండిలో, తమవాడే యగు మనిషి నోట వినబడవలెను. వాహకుడనిన కళంకితుడని యెవరైన తలచినచో, మన్యపు జ్వరమున తమ పూర్వుల ప్రాణములను కాపాడిన జన్యువే అదియని వారికి చెప్పవలెను.

విజ్ఞానము మూడువందల కోట్ల అక్షరములలో తప్పుపడిన ఒక్కదానిని చదువగలిగినది. దానిని తప్పించుకొను త్రోవనుగూడ కనిపెట్టినది. ఇంక మిగిలియున్న దూరము ప్రయోగశాలలో కొలువబడునది కాదు. ఆసుపత్రికిని అడవిలోని గూడెమునకును నడుమనున్నది. నోయెల్ రక్తమును తొలిసారి చూచిననాడు వైద్యుని చేత మందు లేదు. నేడు మందు లున్నవి. గూడెములో నొప్పితో మెలికలు తిరుగు బిడ్డ చేతికి ఆ మాత్ర చేరకపోయినచో, ఇప్పటి తప్పు ప్రకృతి వ్రాతలోనిది కాదు. అది మన వ్రాతలోనిది. దానిని దిద్దుటకు అణుకత్తెర అక్కఱలేదు.